సుక్కమ్మ జమానతు

నల్లగొండ కోర్టులో ముప్పై ఏళ్లుగా వకీలు గుమస్తాగా ఉన్నాను. మనుషుల మీద నమ్మకం పోయే కొలువు ఇది. అలాంటి నన్ను పానగల్ సుక్కమ్మ మార్చింది.

ఆమె కోర్టు గేటు ముందు జామపండ్లు అమ్మేది. ఒకరోజు ఆమె గంప పక్కన నందికొండ స్వరూప కూర్చుని ఏడుస్తోంది. స్వరూప భర్త కురుమయ్య చేపలు పట్టి బతికేవాడు. పొలాల్లో నీటి మోటార్ల దొంగతనం కేసులో పద్నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. విచారణే మొదలు కాలేదు. చివరికి మా వకీలు బెయిలైతే ఇప్పించాడు గానీ, భూమి పట్టా చూపించి జమానతుగా పూచీ ఉండేవాళ్లు దొరకలేదు. చుట్టాలంతా ముఖం చాటేశారు.

మర్నాడు సుక్కమ్మ తన ఎకరంన్నర పొలం పాస్‌బుక్కు కొంగులో చుట్టుకుని వచ్చింది.

"అతను మీకేమవుతాడమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"ఏం గాడు సారూ. గా పిల్ల ఏడ్సుడు సూడలేక వచ్చిన."

జడ్జిగారు ఆమె జమానతు ఒప్పుకున్నారు. ఈ ముసలమ్మకు మతి పోయిందనుకున్నాను. "వాడు వాయిదాకు రాకుంటే నీ భూమి మీదికొస్తది అవ్వా" అని బయట కసిరాను కూడా.

"వస్తడు తియ్యి" అంది.

వాయిదా రోజు మూడుసార్లు పేరు పిలిచారు. కురుమయ్య లేడు. గేటు దగ్గర సుక్కమ్మ గంప కూడా లేదు. ఇద్దరినీ మనసులో తిట్టుకున్నాను. వారెంటు రాయబోతుంటే సుక్కమ్మ రొప్పుతూ లోపలికొచ్చింది. వెనకాలే కురుమయ్య.

జైలు నుంచి వచ్చినవాడు కృష్ణలో మునిగి, ఒంటి మీది బట్టలు నీళ్లకు వదిలాకే గడప తొక్కాలని వాళ్లింటి పట్టింపు. కురుమయ్య అలాగే చేశాడు. వాయిదా తేదీ చీటీ చొక్కా జేబులోనే పోయింది. ఆ చీటీ రాసిచ్చింది నేనే. నోటితో ఒక్క మాట చెబితే నా సొమ్మేం పోయేది? సుక్కమ్మ మాత్రం ముందురోజే నందికొండ పోయి, పొద్దున్నే అతన్ని బయల్దేరదీసింది. దారిలో బస్సు చెడిపోతే ఆటో పట్టుకుని వచ్చారు.

"నీ భూమి దక్కింది పో అవ్వా" అన్నాను.

"భూమి కోసం గాదు బిడ్డా. మళ్ల లోపలేస్తే, గీసారి ఆనికి ఎవలొస్తరు?"

తర్వాతి వాయిదా చీటీ రాసిచ్చి, తేదీ కురుమయ్యకు నోటితో కూడా రెండుసార్లు చెప్పాను.

మూడేళ్లకు కేసు కొట్టేశారు. దొంగ అతను కాదని తేలింది. ఆ పద్నాలుగు నెలలు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. కోర్టులో ఉన్న పాస్‌బుక్కు నేనే తెచ్చి సుక్కమ్మ చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని, కొంగులో చుట్టుకోబోయి ఆగింది.

"గిట్లనే లోపల పడున్నోళ్లు ఇంకెవలన్న ఉన్నరా బిడ్డా?"

ఉన్నారు. ఈసారి నేనే లేచి ఫైలు తీశాను.