వేలు ఆగిన చోటు

తిరుత్తణిలో మా పక్కింటి నర్సక్క రిటైరయ్యాక ఇంటర్నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వంలో జబ్బుల గురించి రాసేది. జీతం లేని పని. నాకు యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్పిందీ ఆమే. రాసిన ప్రతి పేరా నాచేత చదివించేది. నా వేలు ఏ మాట దగ్గర ఆగితే ఆ మాట తీసేసి, తేలికైనది పెట్టేది.

ఒకరోజు కుక్కకాటు వ్యాసం చదువుతూ అడిగాను.

"కారం పూయాలని రాయలేదేందక్కా? మా అత్త అట్నే చేసేది."

"యాడుండాది ఆ మాట? ఏ పుస్తకంలో?"

"మా అత్త చెప్పినాది గదా!"

"వ్యాసం కింద రాసే ఆధారాల్లో మీ అత్తను ఎట్ట పెట్టేది మే?" అని పకపకా నవ్వింది. గాయాన్ని సబ్బునీళ్ళతో బాగా కడగాలనీ, వెంటనే ఆస్పత్రికి పోయి సూది వేయించుకోవాలనీ ఉన్న డాక్టర్ల పుస్తకం తెరిచింది. పేజీ నంబరు కూడా నాచేతే చదివించింది.

ఆమె చివరగా రాసింది పక్షవాతం గురించి. అందులో రక్తనాళాలు గట్టిపడటాన్ని చెప్పే 'ధమనీకాఠిన్యం' దగ్గర నా వేలు ఆగిపోయింది.

"ఇది నోరు తిరగలేదక్కా."

"తిరువళ్ళూరు పోయి గుండె చూపించుకోనొస్తా. రాంగానే మార్చేస్తాలే."

అక్కడి ఆస్పత్రిలోనే కన్నుమూసింది.

ఆ పేజీ రోజూ ఫోనులో తెరుస్తాను. ఆ మాట అట్లాగే ఉంది. ఇప్పుడు దాన్ని తడబడకుండా చదవగలను. అయినా అక్కడికి రాగానే వేలు ఆపి, కాసేపు ఎదురుచూస్తాను.