ఊపిరి పీల్చిన బోరు

ఒట్టు పెట్టడం నాకు అలవాటు లేదు. ఒట్టును కూడా ఊరికే ఖర్చు చేయకూడదు. ఈ ఒక్క సంగతికి మాత్రం తినే అన్నం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. నమ్మని వాళ్లు లేచి వెళ్లి ఇంకో పని చూసుకోవచ్చు. నేను బతిమాలను.

మాది గోపన్‌పల్లి. తెలంగాణ కావాలని బందులు, రాస్తారోకోలు నడుస్తున్న చలికాలం. ఆ ముందటి ఎండాకాలంలోనే మా ఇంటి వెనక జాగాను పరిశోధన వాళ్లు కిరాయికి తీసుకున్నారు. మన సార్లు కొందరు, చలిదేశం నుంచి వచ్చిన తెల్లవాళ్లు కొందరు. రెండు దేశాలు కలిసి చేస్తున్న పని అట. లోతుగా బోరు వేసి, ఎండకు కాగిన నీళ్లను మోటరుతో లోపలికి తిప్పి, ఆ వేడిని బండలో దాస్తారట. అవసరమైనప్పుడు పైకి తీస్తారట. అప్పుడు బొగ్గు కాల్చే పని ఉండదట.

నేను నాలుగో తరగతి దాకానే చదివాను. అయినా నవ్వు ఆపుకోలేకపోయాను. గోపన్‌పల్లిలో ఎండకు కరువా, దాచిపెట్టడానికి?

పెద్ద సారు పేరు ప్రసాద్. కోస్తా మనిషి. నాకు తెలివి చెప్పబోయాడు. "భూమి మనకు బ్యాంకు లాంటిదండీ అమ్మగారూ. వేసవిలో వేస్తాం, చలికాలంలో తీసుకుంటాం."

"బ్యాంకుల ఏస్తె మిత్తి వస్తది. నీ బండ ఏమిస్తది సారూ?"

"మిత్తి రాదండీ. కొంచెం తరుగు పోతుంది."

"గట్లయితే మా ఇంట్ల సందుగ పెట్టెనే నయం."

దేశానికంతా వేడి పొదుపు చేస్తామని వచ్చినవాళ్లు చాయ్ సగం తాగి పారబోసేవాళ్లు. నీళ్ల సీసా మూత తీసి ఒక్క గుక్క తాగి చెట్ల కింద పడేసేవాళ్లు. ఆ సీసాలన్నీ నేనే ఏరి దాచాను. గేటు దగ్గర బోర్డు పెట్టారు. దాని మీద మన సారు పేరు ముందు రాయాలా, తెల్లాయన పేరు ముందు రాయాలా అని ఎండాకాలమంతా కొట్లాడుకున్నారు. వానాకాలం వచ్చింది. బోర్డు ఖాళీగానే ఉంది. వీళ్లా భూమి లోపల ఏముందో చెప్పేది?

వాళ్ల బోరు గొట్టం నాకు ఒక్క పనికి అక్కరకొచ్చింది. పొదిగే కోడి గుడ్లు పెట్టడం మానేస్తుంది. నాకది నష్టం. బోరు మీద కట్టిన రేకుల షెడ్డులో గొట్టం ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఒక గంపలో వడ్లపొట్టు పోసి, గుడ్లు పేర్చి, గొట్టానికి ఆనించి పెట్టాను. పొద్దున, సాయంత్రం వెళ్లి గుడ్లు తిప్పి వచ్చేదాన్ని. కోడి తన మానాన తాను గుడ్లు పెట్టుకునేది.

బందులు ముదిరాయి. సార్లు సర్దుకున్నారు. మోటరు మెయిన్ తీసి, ఫ్యూజు ఊడదీసి, షెడ్డు తాళంచెవితో పాటు నా చేతిలో పెట్టారు. గుడ్లు తీసేయమని కూడా ప్రసాద్ సారు చెప్పాడు. మోటరు ఆగితే గొట్టం ఒక్క పూటలో చల్లబడుతుందట.

తీయలేదు. ఆ రాత్రే కోడలు లావణ్యకు నొప్పులు వచ్చాయి. నెలలు నిండలేదు. ఆడపిల్ల పుట్టింది. పిట్టంత ఉంది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. కాస్త తేరుకున్నాక ఇంటికి పంపారు. చలి తగలకూడదు. పొగ తగలకూడదు. తల్లి ఒంటికి హత్తుకుని ఉంచాలి. అదీ డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికొచ్చిన మూడో నాటికి లావణ్యకు చలిజ్వరం పట్టుకుంది. పళ్లు కటకటలాడేలా వణికింది. ఇక బిడ్డకు వెచ్చదనం ఎక్కడిది? నేను గుండెకు హత్తుకున్నాను. నా ఎముకల్లో వేడేముంది... ఏరి దాచిన సీసాల్లో వేడినీళ్లు పోసి చుట్టూ పెట్టాను. అవి ఇట్టే చల్లారిపోయేవి. కుంపటి పెడితే పొగకు బిడ్డ ఉక్కిరిబిక్కిరైంది. కరెంటు లేదు. నా కొడుకు శీను ఆటో కోసం పరుగెత్తాడు. చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి.

బిడ్డ పాదాలు చల్లబడ్డాయి. ఏడుపు ఆగిపోయింది.

వడ్లపొట్టు గంపలో బిడ్డను పెట్టి చుట్టూ సీసాలు పేరిస్తే వేడి నిలుస్తుందని తోచింది. చెడిపోయిన గుడ్లు పారబోసి గంప తెచ్చుకుందామని టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను.

గంపలో చెయ్యి పెట్టాను...

గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

ఒకటి తీసి చెంపకు ఆనించుకున్నాను. లోపల ఏదో మెదిలింది. గొట్టం మీద చెయ్యి వేశాను. నా చెయ్యి చల్లన, అది వెచ్చన. జ్వరం వచ్చిన మనిషి నుదురులాగా. మెయిన్ వైపు టార్చి వేశాను. తీసేసే ఉంది. ఫ్యూజు నా సందుగలో ఉంది.

అప్పుడు వినిపించింది. గొట్టం మూత సందులోంచి... హూ... కాసేపు ఏమీ లేదు... హా... లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. నిద్రపోతున్న బర్రె పక్కన నిలబడ్డట్టుంది.

భయపడేంత తీరిక లేదు. వెళ్లి బిడ్డను ఎత్తుకున్నాను. జ్వరంలోనే లావణ్య కళ్లు తెరిచింది.

"అత్తమ్మా... పిల్ల ఏదీ?"

"నా తాన్నే ఉన్నది. నువ్వు పండుకో."

గుడ్లను ఒక పక్కకు జరిపి, బిడ్డను పొట్టులో దించి, గొట్టానికి ఆనించాను. బిడ్డ గుండె మీద నా రెండు వేళ్లు. పక్కన ఆ చప్పుడు. హూ... హా... బిడ్డ ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఎంతసేపటికో నాకు తెలిసింది... రెండూ ఒక్కటే. గొట్టం పీల్చినప్పుడే బిడ్డ పీలుస్తోంది. గొట్టం వదిలినప్పుడే వదులుతోంది.

పాదాలు తడిమాను. వెచ్చబడుతున్నాయి.

తర్వాత... ఆగింది.

గొట్టం ఆగింది. నా వేళ్ల కింద బిడ్డ కూడా ఆగింది. షెడ్డు రేకుల మీంచి మంచు చుక్క ఒకటి టప్పున పడింది. ఇంకొకటి పడింది. అరవాలని నోరు తెరిచాను. బిడ్డను పైకి ఎత్తబోయాను.

హూ...

ముందు గొట్టమే పీల్చింది. ఆ వెనకే బిడ్డ.

తెల్లారేసరికి బిడ్డ పాల కోసం ఏడ్చింది. శీను ఆటోతో వచ్చాడు. బందు చేస్తున్న పిల్లలే టైర్లు పక్కకు లాగి దారి ఇచ్చారట. దవాఖానలో డాక్టరమ్మ బిడ్డ ఒళ్లు పట్టి చూసి, బాగా వెచ్చగా ఉంచారని మెచ్చుకుంది.

తిరిగొచ్చి గుడ్లు చూశాను. చల్లబడ్డాయి. రాత్రి లోపల మెదిలినదానితో సహా ఒక్కటీ పిల్ల కాలేదు. పగలగొడితే లోపల తడి కూడా లేదు. ఎండిపోయి పెంకుకు అంటుకుని ఉన్నాయి.

బందులు సద్దుమణిగాక సార్లు వచ్చారు. చెప్పాను. బండలో మిగిలిన వేడే పైకి వచ్చిందన్నాడు ప్రసాద్ సారు. అంత వేడి మిగలనే మిగలదన్నాడు తెల్లాయన. గాలి బరువు మారితే లోతు బోరు గాలి పీల్చి వదలడం మామూలే అని కూడా అన్నాడు. ఇద్దరూ మళ్లీ కొట్లాటకు దిగారు. రెండు దేశాల చదువు అంతే.

"మరి బిడ్డ ఊపిరితోని ఎందుకు కలిసె?" అని అడిగాను.

"అది మీ భ్రమండీ, అమ్మగారూ."

"భ్రమకు పిల్ల కాళ్లు వెచ్చగైతయా సారూ?"

ఆ గుడ్ల సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు.

పని తెగలేదు, బోర్డు మీద పేరూ ఎక్కలేదు. ఒక రోజు వచ్చి బోరులో సిమెంటు పోసి మూసేస్తామన్నారు. పోస్తున్నంతసేపూ నేను మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, దాని గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ముసలమ్మకు చాదస్తం అని సార్లు నవ్వుకున్నారు. నవ్వనీ. సిమెంటు గట్టిపడేదాకా నేను చెయ్యి తీయలేదు.

బిడ్డ ఊపిరి ఆగలేదు. ఇప్పుడు నా కంటే పొడుగు ఎదిగింది. రాత్రి నా పక్కనే పడుకుంటుంది. నిద్రలో ఊపిరి వదిలాక... మళ్లీ పీల్చడానికి ముందు... కొంచెం ఆగుతుంది. ముందు ఇంకెవరో పీల్చాలన్నట్టు.

అప్పుడు నేనే గట్టిగా ఒక ఊపిరి తీస్తాను. అది కూడా తీస్తుంది.