పీటర్ గారు కొన్న టికెట్

ఈ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంగ్లండులోని రీడింగ్ ఊళ్ళో మా పక్కింటి పీటర్ గారు పంతొమ్మిది వందల అరవైల చివర్లో పేరుమోసిన పాప్ బ్యాండుకు డ్రమ్మరు. ఆ బ్యాండు పేరును ఇప్పుడెవరో కొనుక్కుని, పాతవాళ్ళు ఒక్కరూ లేకుండా కచేరీలు చేస్తున్నారు. మధ్యాహ్నం ఆ కచేరీకి ఆయన టికెట్ కొనుక్కుని మాతో వచ్చారు! ఆగలేక లేచి, "అసలు డ్రమ్మరు ఇక్కడున్నాడు!" అని ఇంగ్లీషులో అరిచాను.

"నాన్నా, కూర్చో, అందరూ చూస్తున్నారు," అంది మా అమ్మాయి.

"చూడనీ అమ్మా, చూడాలనే కదా లేచింది!"

వాళ్ళ డ్రమ్మరు స్వయంగా దిగివచ్చి ఆయన్ని స్టేజి ఎక్కించాడు. అబ్బ, ఏం వాయించారండీ! ఆనందంతో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అంతలో మేనేజరు మైకు పట్టుకుని, "మన అతిథికి చప్పట్లు," అన్నాడు. సొంత బ్యాండులో మనిషి అతిథి ఎలా అవుతాడండీ? మీరే చెప్పండి!