పిడికిలిలో ప్రోటాన్

మా ప్లైవుడ్ గోడకు అవతల ఉండే టీచరమ్మను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆమె పిడికిలి. నెల్లూరు మనిషి. గల్ఫ్‌లో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, గదులుగా చీల్చి అద్దెకిచ్చిన విల్లా మాది. కరోనాకు బడులు మూసేశాక, ఆమె మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని తెలుగు పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. న్యూక్లియస్ అన్నప్పుడల్లా పిడికిలి బిగించి కెమెరా ముందు పెట్టేది.

"ఎలక్ట్రాన్‌కి ఆటమ్ అంతా చోటుంది. ప్రోటాన్‌కి ఇంతే. ఇరుకులో పెట్టేకొద్దీ దాని మొమెంటం, అదే దాని ఉరుకు, పెరుగుతాదే గానీ తగ్గదు."

ఒకరోజు క్లాసు మధ్యలో విల్లా మేనేజరు ప్లైవుడ్ చెక్క మోయించుకొచ్చాడు. ఆమె గదిని సగం చేసి ఇంకొకరికి ఇస్తాడట.

"ఖలాస్ మేడమ్, సామాను జరపండి" అన్నాడు.

నేను ఆమె గుమ్మంలోనే ఉన్నాను. ఆమె లేవలేదు. ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది.

"పిల్లలూ, ఈ సారు మన రేడియస్ సగం చేస్తాడంట. మొమెంటం ఏమవుతాది?"

"డబుల్ మేడమ్!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

"ఇన్నారు గదా సార్" అంటూ ఆమె పిడికిలి అతని ముఖం ముందు పెట్టింది. "ఇంక కొట్టుకోండి మేకులు."

మేకులు ఎవరూ కొట్టలేదు. ఆ చెక్క నడవలోనే ఉండిపోయింది. ఆ ఎండాకాలమంతా మేం దానిమీద బట్టలు ఆరేసుకున్నాం.