ఆపకుండా మార్చిన పరిమితి

మెట్రో పనుల కోసం నాంపల్లి రోడ్డంతా తవ్విపోసి ఉన్న రోజుల్లో, ఒక వేసవిలో, బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి నన్ను నాంపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. నా పైఅధికారి సర్వర్ గది ఇన్‌చార్జి సత్తయ్య గారు. ఆయన పుట్టిందీ పెరిగిందీ బేగం బజార్లో. మా నాన్న బందరు నుంచి వచ్చి అబిడ్స్‌లో స్థిరపడ్డారు కాబట్టి నా మాట కోస్తా మాట. నా తొందర కూడా అక్కడిదేనని ఆయన ఏడిపించేవారు.

రోగుల రిపోర్టులన్నీ ఒకే సర్వర్లో ఉండేవి. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగాన్ని కెర్నెల్ అంటారు. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవనివ్వాలో దానికో పరిమితి ఉంటుంది. అది నిండితే కొత్త స్క్రీన్లు తెరుచుకోవు. అప్పటికే తెరిచినవి మాత్రం ఎలాగోలా నడుస్తుంటాయి.

ఒక మధ్యాహ్నం అదే జరిగింది. బ్లడ్ బ్యాంకులో స్క్రీన్ తెరుచుకోవడం లేదు. పైన థియేటర్లో అప్పుడే కాన్పయిన ఒక తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. ఎక్కించబోయే రక్తం ఆమెకు పడుతుందన్న ఫలితం స్క్రీన్ మీద చూడనిదే ప్యాకెట్ ఇవ్వకూడదని ఆసుపత్రి నియమం. ఫోన్లో థియేటర్ సిస్టర్‌కు ఏడుపొక్కటే తక్కువ.

ఆసుపత్రి మేనేజర్ గారు రీబూట్ చేసేయమన్నారు, అంటే సర్వర్‌ను ఆపి మళ్లీ లేపడం. నా మనసూ అటే లాగింది. సత్తయ్య గారు ఒప్పుకోలేదు.

"రీబూట్ కొడితే డిస్కులన్నీ చెక్ చేసుకుంట కూసుంటది మేడమ్. గంతసేపు ఆ తల్లి ఆగుతదా? పైన మత్తు డాక్టర్ చూస్తున్న స్క్రీన్ గూడ పోతది. నడుస్తుండంగనే మారుద్దాం."

నడుస్తున్న కెర్నెల్ విలువలు మార్చడానికి ఒక కమాండ్ ఉంది. ఎంటర్ నొక్కగానే కొత్త విలువ అమల్లోకి వస్తుంది, సర్వర్ ఆగి మళ్లీ లేస్తే పోతుంది. పదిలంగా ఉండాలంటే సెట్టింగుల ఫైల్లో వేరుగా రాయాలి. మా గదిలో ఒక పద్ధతి ఉండేది. ఒకరు టైపు చేస్తే రెండోవారు ఒక్కో అంకె పైకి చదవాలి. చదవకుండా ఎంటర్ లేదు. ఎక్కాలు అప్పజెప్పే బడిపిల్లల్లా ఇదేమిటని నాకు ఒళ్లు మండేది.

ఆయన టైపు చేశారు. "సార్, జర జల్ది చెయ్యున్రి" అంటోంది సిస్టర్ ఫోన్లో. నేను గబగబా చదువుతూ చివరికి వచ్చి ఆగిపోయాను.

"సార్, ఒక సున్నా తగ్గింది!"

అలాగే ఎంటర్ నొక్కి ఉంటే పరిమితి పెరగడం అటుంచి, ఉన్నదానికంటే బాగా పడిపోయేది. నడుస్తున్న స్క్రీన్లు కూడా ఒకసారి మూస్తే మళ్లీ తెరుచుకునేవి కావు.

"అయ్యో, ఎంత పనైతుండె! అందుకే గదా మేడమ్ చదవమనేది" అంటూ సున్నా చేర్చారు. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎంటర్ నొక్కారు.

బ్లడ్ బ్యాంకు స్క్రీన్ తెరుచుకుంది. ప్యాకెట్ పైకి వెళ్లింది. ఎలాగూ చెయ్యి పెట్టాం కదా, ఇంకో రెండు సెట్టింగులు కూడా సరిచేద్దామన్నాను నేను.

"ఇంక ముట్టకున్రి. ఒక్కటి మార్చినం, అదేం చేస్తదో చూద్దాం. చెయ్యి తియ్యున్రి" అన్నారాయన.

ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం సిస్టర్ ఫోన్ చేసి, "బ్లీడింగ్ ఆగింది సార్. తల్లి కండ్లు తెరిచింది, బిడ్డనడిగింది" అని చెప్పింది. అంతా నిలకడగా ఉందని తేలాక, మర్నాడు ఆ విలువను ఫైల్లో రాశాం.

సత్తయ్య గారు ఇప్పుడు లేరు. నేను రిటైరయ్యాను. ఈమధ్య సర్వర్లు ఎక్కడో ఉంటాయట, ఒకటి మొరాయిస్తే తీసేసి మరొకటి నిలబెడతారట. మంచిదే. అయినా మందుల కోసం నాంపల్లి వెళ్లినప్పుడల్లా ఆ ఆసుపత్రి మెట్లెక్కి, ఆ చల్లటి గదిలో ఆయన పక్కన కూర్చుని, ఒక్క సంఖ్యైనా పైకి చదవాలనిపిస్తుంది. ఇంతగా బెంగపడతానని ఉద్యోగంలో ఉన్నప్పుడు అనుకోలేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇదీ: నడుస్తున్నదాన్ని మార్చాల్సి వస్తే ఒక్కటే మార్చాలి, ఆపైన చెయ్యి తీసేయాలి. సర్వర్ మీద నుంచి తీయడం వచ్చింది. ఉద్యోగం మీద నుంచి తీయడం ఇంకా రాలేదు.