నిచ్చెన గురించి ఒక వాక్యం

తవిటయ్యకు ఇంగ్లీషు వచ్చింది బడిలో కాదు, రేవులో. బొబ్బిలి దగ్గర చెరకు, గోగు పండించే ఇంట్లో పుట్టాడు. ఇంటర్ తప్పాక 1991లో విశాఖ వచ్చి, ఓడల్లో సరుకు దింపించే ఒక కంపెనీలో టాలీ క్లర్కుగా కుదిరాడు. ఎన్ని బస్తాలు దిగాయో గీతలు గీసుకోవడం, పాడైన సరుకు ఏ తీరుగా ఉందో కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక ముక్క రాయడం, దాని మీద ఓడ చీఫ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించడం అతని పని. గీతలు బాగానే వచ్చాయి. ఆ ముక్క దగ్గరే చెమటలు పట్టేవి.

హెడ్ క్లర్కు అర్జునరావు ఒక పూట పక్కన కూర్చోబెట్టుకుని దారి చూపించాడు.

"ఇంగిలీసంటే అంత బయమేటి? సరుకు ఎలాగున్నదో రెండు మాటలెయ్యి. మజ్జిన అండ్ పెట్టు. ఎక్కడ పాడైందో, దేనివల్ల పాడైందో సివర్న తగిలించు. అయిపోయింది."

నిజంగానే అయిపోయింది. తడిసి, మూతి దగ్గర చిరిగిన బస్తా ‘వెట్ అండ్ టోర్న్ ఎట్ ది మౌత్’ అయింది. తుప్పు పట్టి, కొసలు వంగిన ఇనప కడ్డీ ‘రస్టీ అండ్ బెంట్ ఎట్ ది ఎండ్స్’ అయింది. మూడేళ్లలో తవిటయ్య ఆ ఒక్క అచ్చులోనే వేల వాక్యాలు పోశాడు. వన్ టౌన్ సందులో అద్దె గదికి నడిచి వెళ్తుంటే దారిలో కనబడిన ప్రతి గోడా, ప్రతి ఆటో ఆ అచ్చులోనే కనబడేవి. భార్య తాయారు అన్నం పెడుతూ "ఏటి గొణుక్కుంతన్నావు?" అనడిగితే నవ్వి ఊరుకునేవాడు.

1994 వానాకాలంలో పంచదార బస్తాలతో ఒక ఓడ వచ్చింది. రెండో రోజు పొద్దున్నే తవిటయ్య ఓడ లోపల సరుకుండే మూడో నంబరు అరలోకి దిగబోయి, నిచ్చెన పై మెట్టు పట్టుకోగానే చెయ్యి జారింది. పైనున్న ఇనప తాడు నుంచి కారిన గ్రీజు మెట్లన్నిటికీ అంటుకుని ఉంది. తొంగి చూస్తే అడుగున రెండు మెట్లు విరిగి వేలాడుతున్నాయి. వెంటనే కాగితం తీసి ‘లాడర్ గ్రీజీ అండ్ బ్రోకెన్ ఎట్ ది బాటమ్’ అని రాశాడు. చీఫ్ ఆఫీసరు కాఫీ తాగుతూ, తలెత్తకుండానే సంతకం పెట్టాడు.

నిచ్చెన బాగుచేయడానికి ఎవరూ రాలేదు. గంట తర్వాత సూరన్న దిగాడు. సూరన్న జాలారిపేట మనిషి. అన్నదమ్ములందరూ చేపల వేటకు పోతే తనొక్కడే ఓడ కళాసీ అయ్యాడు. తవిటయ్యకు ఈడువాడు. రోజూ డబ్బాలోని చేప ముక్క అతనికి పెట్టనిదే తినేవాడు కాదు. పైనుంచి మూడో మెట్టు మీద కాలు జారి, ఇరవై అడుగుల కిందనున్న బస్తాల మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

విచారణ వేశారు. ఓడవాళ్లు చూపించిన మొదటి సాక్ష్యం తవిటయ్య రాసిన వాక్యమే. "గ్రీజూ, విరిగిన చోటూ రెండూ అడుగునే ఉన్నాయని మీ గుమస్తాయే రాశాడు. మనిషి జారింది పైన. పైన ఏ లోపమూ లేదు. అంటే చూసుకోకుండా దిగాడు," అన్నారు. తప్పు సూరన్నదే అని తేలితే కళాసీల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

తవిటయ్య ఆసుపత్రికి వెళ్లాడు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టిన సూరన్న అతన్ని చూసి మొహం తిప్పుకోలేదు. అదే తవిటయ్యకు ఎక్కువ బాధ అనిపించింది.

"బావా, నాను జారింది పైన గదా. నువ్వు కింద జిడ్డని ఎందుకు రాసేవు?"

"అలగ రాయలేదు బావా. నిచ్చెనంతా జిడ్డనీ, కింద ఇరిగిందనీ రాసేను."

"మరాళ్లు అలాగ సదవడంలేదట."

తవిటయ్య గదికొచ్చి ఆ వాక్యాన్ని ఒక కాగితం మీద రాసుకుని చాలాసేపు చూశాడు. తెలుగులో అయితే ఈ గొడవే లేదు. ‘జిడ్డుగా ఉంది, అడుగున విరిగింది’ అంటే అడుగు విరిగినదానికే చెందుతుంది. ‘అడుగున జిడ్డుగా ఉంది, విరిగింది’ అంటే రెంటికీ చెందుతుంది. చోటు ముందే చెప్పేస్తాం కనక, అది ఎక్కడ నిలబడిందో చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ చోటు వాక్యం తోకలో ఉంది. అది దగ్గరి మాటనే పట్టుకుందా, రెండు మాటలనూ కలిపి పట్టుకుందా అని ఆ తోకను అడిగితే చెప్పదు. ఇన్నాళ్లూ బస్తాలకూ కడ్డీలకూ ఈ సంగతి అడ్డం రాలేదు. మనిషి పడ్డాక వచ్చింది.

విచారణలో తవిటయ్యను అడిగే రోజున అర్జునరావు ముందే హెచ్చరించాడు. "నువ్వు రాసిందానికి ఒకటే అరదమను. రెండో మాట మాటాడకు."

తవిటయ్య అదే ఓడకు ప్రమాదానికి ముందు రోజు తను రాసిన కాగితం నకలు చూపించాడు. ‘బ్యాగ్స్ వెట్ అండ్ టోర్న్ ఎట్ ది మౌత్’. ఆ బస్తాలు నిలువునా తడిశాయనీ, చీఫ్ ఆఫీసరు స్వయంగా చేత్తో తాకి చూసి ఒప్పుకున్నాడనీ చెప్పాడు. "ఆ వాక్యంలో మూతి చిరుగుకే చెందింది సార్. నిచ్చెన వాక్యం కూడా అదే చెయ్యి రాసింది, అదే తీరుగా రాసింది."

విచారణ అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "బాగుంది. కాని వాళ్లు చెప్పినట్టు కూడా దాన్ని చదవొచ్చా, చదవకూడదా?"

అర్జునరావు వెనకనుంచి దగ్గాడు. చదవకూడదంటే సూరన్నకు మేలు. కాని మూడు రోజులుగా ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసిన మనిషి, చూడనట్టు ఎలా చెప్పగలడు?

"చదవొచ్చు సార్," అన్నాడు. "రాసేటప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే విడదీసి రాసేవాణ్ణి. గ్రీజు పైనుంచి కిందిదాకా ఉంది. నా చెయ్యి జారింది పై మెట్టు మీదే."

ఓడ తరఫు లాయరు నవ్వాడు. అధికారి నవ్వలేదు. చీఫ్ ఆఫీసరు వైపు తిరిగి ఒకటే అడిగాడు: "రెండు రకాలుగా చదవదగ్గ మాట మీద మీరు సంతకం పెట్టారు. పెట్టేముందు ఏ అర్థమని అడిగారా? వెళ్లి నిచ్చెన చూశారా?"

విరిగిందని ఎలా చదివినా తెలుస్తున్న నిచ్చెన మీదికి మనుషులను దిగనిచ్చిన తప్పు ఓడదేనని అధికారి రాశాడు. గుమస్తా రాత స్పష్టంగా లేదని కూడా ఒక వాక్యం రాశాడు. సూరన్న పేరు జాబితాలో నిలిచింది. కాలు మాత్రం పొట్టిగా అతుక్కుంది. మళ్లీ అరలోకి దిగలేదు. కొక్కేలు, తాళ్లు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. కూర్చుని చేసే ఆ పని అతనికి ఎన్నడూ నచ్చలేదు.

ఆ తర్వాత తవిటయ్య జంట మాటలను నమ్మడం మానేశాడు. ఓడల వాళ్లు మాట్లాడుతుంటే చెవి ఒగ్గి వినేవాడు. ‘సిక్ అండ్ టయర్డ్ ఆఫ్ రెయిన్’ అని ఒక నావికుడంటే, ఇక్కడ ‘ఆఫ్ రెయిన్’ రెంటిదీను అనుకునేవాడు. విసుగూ వాన మీదే, అలసటా వాన మీదే. ‘కోల్డ్ అండ్ హంగ్రీ ఫర్ ఫిష్’ అని ఇంకొకడంటే, చేప ఆకలికే గాని చలికి కాదు గదా అని తనలో తనే తేల్చుకునేవాడు. ఇలాంటివి ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. తను రాసే కాగితాల్లో మాత్రం ప్రతి మాటకూ దాని చోటు దానికే ఇచ్చేవాడు. వాక్యాలు పొడుగయ్యాయని ఆఫీసులో సణిగారు. పట్టించుకోలేదు.

2005లో కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. సీతమ్మధార నుంచి జ్యోతిర్మయి అనే అమ్మాయి కొత్తగా చేరి, తెర మీద కొత్త ఫారం చూపించింది. పాడైన తీరుకు రెండు గడులు, చోటుకు ఒకటే గడి.

"ఈ చోటు దేనికమ్మా? మొదటి దానికా, రెండో దానికా?" అనడిగాడు తవిటయ్య.

"రెండింటికీ అనుకుంటాను సార్. ఏమో, ఫారం చేసినవాళ్లు చెప్పలేదు."

మర్నాడు సెలవు పెట్టి, బస్సెక్కి, ఆ ఫారం తయారుచేసిన మధురవాడ కంపెనీకి వెళ్లాడు. మెడలో కార్డు వేసుకున్న కుర్ర ఇంజనీరు, ఒక గడి కోసం ఇంత దూరం వచ్చారా అన్నట్టు చూశాడు. తవిటయ్య కుర్చీ ముందుకు జరుపుకుని, సూరన్న కథ మొదటినుంచి చెప్పాడు. ఇంజనీరు మధ్యలో ఒకసారి ఫోను మోగితే తీయలేదు.

రెండు నెలలకు ఫారంలో చోటుకు మరో గడి వచ్చింది. సంగతి చెబుదామని తవిటయ్య తాళ్ల గదికి వెళ్లాడు. సూరన్న కొక్కేలు తుడుస్తూ అంతా విన్నాడు.

"మంచిదే బావా," అన్నాడు. "అయితే ఆ నిచ్చెన మీద ఇంకెవుడైనా దిగేడా, ఎప్పుడైనా అడిగేవా?"

తవిటయ్య అడగలేదు. ఆ ఓడ మళ్లీ విశాఖ రాలేదు.