ఖిచుడీ అన్న మాట తీసేయను

మా పై అంతస్తు అక్క పోయింది. పోయిన నెల ఒక పొద్దున్న ఆమె శిష్యురాలు మెట్లు దిగి వచ్చి చెప్పింది. నేను పొయ్యి కట్టేసి పైకి వెళ్లాను. బల్ల మీద గ్రాఫులు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి.

మన తెలుగు సంఘం సంచికకి రాయమని కార్యదర్శి ఫోన్ చేశారు. అక్క మంచితనం రాయమన్నారు, కాఫీ గురించి రాయమన్నారు. "ఆ పరిశోధన మాత్రం వద్దు వదినా. సగం అదీ సగం ఇదీ, ఉత్త ఖిచుడీ. ఎలాగూ తేలలేదు కదా" అన్నారు. అందుకే అదే రాస్తున్నాను, ఆ ఖిచుడీ అన్న మాటతో సహా.

అక్క ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా రిటైరైంది. కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఎలా నడుచుకుంటాయో మామూలు కంప్యూటర్లకి లెక్క అందదట. అందుకని ఆ ఎలక్ట్రాన్లకు బదులు పరమాణువులను యంత్రంలో పేర్చి, వాటి నడకను చూస్తారు. కొందరు వాటిని వాటంతట అవే కలిసి నడవనిస్తారు. అది అనలాగ్. కొందరు ఒక్కో అడుగూ చెప్పి వేయిస్తారు. అది డిజిటల్. అక్క రెండూ కావాలంది, కొన్ని అడుగులు తను వేయించి మిగతా నడక వాటికే వదిలేస్తానంది. యంత్రం కోసం దరఖాస్తు పెడితే, ఏదో ఒకటి వదిలేస్తేనే ఇస్తామన్నారు ఆ సంస్థ పెద్దలు. ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా వదలనని జవాబు పంపింది.

నాకిది అర్థమైంది మా వంటింట్లోనే. మా గార్డెన్ రీచ్ పేట అంతా వానలో మునిగిన ఒక మధ్యాహ్నం, ఖిచుడీ పొయ్యి మీద పెట్టి మాటిమాటికీ మూత తీస్తున్నాను. అక్క నా చేతిలోంచి పటకారు లాక్కుంది.

"ఏటమ్మా ఆ తొంగిచూడ్డం? పప్పు వేయించడం, ఎసరు కొలవడం నీ పని. ఉడకడం దాని పని. గింజగింజకీ నువ్వు చెప్తావేటి?"

కుదరకపోతేనో అన్నాను.

"దింపాక రుచి చూడు. మాడితే మళ్లీ వండు. అంతేగానీ బియ్యం మానేసి పప్పొక్కటే పెట్టమంటే ఊరుకుంటావా?"

ఊరుకోను. తేలలేదన్నది నిజమే. తేలకపోవడం, తప్పవడం ఒకటి కాదు. ఆమె శిష్యురాలు కూడా దరఖాస్తులో సగం కొట్టేయనంది. రెండూ కలిపే మళ్లీ పంపింది.

సంతాప సభ రోజు మా మేడ మీద రేకుల కింద ఖిచుడీయే వండాను. ఇక్కడి అలవాటుగా అందరం దాదా అని పిలిచే కార్యదర్శి వచ్చి, అయిందా అంటూ మూత మీద చెయ్యి వేయబోయారు.

"ముట్టుకోకండి దాదా. దాని పని దాన్ని చేసుకోనీండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రేకుల మీద వాన మొదలైంది. మూత అంచు సన్నగా ఊగుతూనే ఉంది.